బ్రతుకడని తెలిసినవానికి చేయుట దండుగా?

ధ్యాన భాగము: మార్కు 14:3–9



మన పల్లెలలో ఒక మాట తరచుగా వినబడుచుండును. క్యాన్సరు ముదిరిన మనిషిని పట్నపు ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చి మంచముమీద పండుకొనబెట్టిన దినమున, వాకిట కూర్చున్నవారిలో ఎవరో ఒకరు మెల్లగా ననుదురు: "డాక్టర్లే చేతులెత్తేశారు. ఇంక చేసేదేముంది? ఎంత పెట్టినా దండగే." ఆ మాట అన్నవారు కఠినులు కారు. ఆ ఇంటివారు అమ్మిన పొలమెంతయో, తెచ్చిన అప్పెంతయో వారికి తెలిసియుండును. జాలితోనే అందురు. అయినను ఆ మాట నిజమా? బ్రతుకడని తెలిసినవానికి చేయునది దండుగా? ఈ నెల ఈ ప్రశ్నను దేవుని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

సిలువకు కొలది దినములకు ముందు మన ప్రభువు బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట భోజనమునకు కూర్చుండెను. ఒక స్త్రీ మిక్కిలి విలువగల అత్తరు బుడ్డి తెచ్చి, దానిని పగులగొట్టి, ఆయన తలమీద పోసెను. దాని వెల మూడు వందల దేనారములకంటె ఎక్కువ. ఒక దేనారము ఆ దినములలో ఒక కూలివాని దినకూలియని మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ఉపమానమువలన మనకు తెలియుచున్నది. మిరపకోతకు పోవు మన అక్కచెల్లెండ్రు ఆ లెక్క కట్టి చూచుకొనవచ్చును. దాదాపు ఏడాది రెక్కల కష్టము ఒక్క గడియలో నేలపాలైనట్లు చూచినవారికి కనబడెను. ఇది నష్టమనియు, దానిని అమ్మి బీదల కియ్యవచ్చుననియు వారు కోపపడిరి. అది తెలివిలేని మాట కాదు. మన వాకిట కూర్చున్నవారి మాటయు అదియే.

ప్రభువు ఏమి చెప్పెను? ఆమె నాయెడల మంచి కార్యము చేసినదనియు, నా భూస్థాపన నిమిత్తము నా శరీరమును ముందుగా అభిషేకించినదనియు చెప్పెను. గమనించుడి. ఆ అత్తరు ఆయనను సిలువనుండి తప్పించలేదు. ఒక్క మేకును తగ్గించలేదు. ఒక్క దినమును ఆయన ఆయుష్షునకు కూర్చలేదు. చనిపోవుటకు సిద్ధముగానున్న దేహముమీద అది పోయబడెను. అయినను ప్రభువు దానిని దండుగ అనలేదు. సువార్త ప్రకటింపబడు చోటనెల్ల దానిని జ్ఞాపకము చేయుదురనెను. చనిపోబోవు మనిషికి చేయు పరిచర్య విలువ ఎంతయో ప్రభువు తన దేహముమీదనే మనకు చూపియున్నాడు.

అయితే ఆ దినమున ఆ ఇంట శిష్యులును ఉండిరి గదా! వారికి ఈ పని ఎందుకు తోచలేదు? మార్కు సువార్తలో వెనుకటి అధ్యాయములు చదివినయెడల కారణము తెలియును. తాను చనిపోవలసియున్నదని ప్రభువు వారికి ముమ్మారు చెప్పెను. మొదటి మారు, 8వ అధ్యాయములో, పేతురు ఆయనను చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి గద్దించెను. రెండవ మారు, 9వ అధ్యాయములో, శిష్యులకు ఆ మాట గ్రహింపు కాలేదు, అడుగుటకును భయపడిరి. మూడవ మారు, 10వ అధ్యాయములో, యాకోబును యోహానును ఆయనకు కుడి ఎడమల కూర్చుండు స్థలములను గూర్చి మాట మార్చిరి. ఒకడు నోరు మూయించెను, కొందరు భయపడిరి, ఇద్దరు మాట దాటవేసిరి. చావబోవుచున్నవాని యొద్ద మనము చేయు మూడు పనులును ఇవియే. ఈ ముగ్గురకంటెను వేరుగా, ఆయన చనిపోవునన్న సంగతికి మొగము చాటు చేయక దగ్గరకు వచ్చినది ఆ స్త్రీ.

ఇది ఇతరులకు చెప్పు బోధగా వ్రాయుటలేదు. పేతురు చేసినది నేనును చేసితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఏబది యేండ్లు దాటిన ఒక తల్లికి గర్భసంచి ముఖద్వారమున క్యాన్సరు వచ్చెను. సిగ్గుచేత చాలకాలము ఎవరికిని చెప్పలేదు. తెలియునప్పటికే అది లోపల పాకెను. కుమారులు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, అమ్మకు చెప్పబాకండి. గడ్డ అని చెప్పాం. మీరు స్వస్థత కోసం ప్రార్థన చేయండి, అదే చాలు" అనిరి. నేను ఒప్పుకొంటిని. ప్రతి సాయంకాలము పోయి, అందరు వినునట్లు గట్టిగా ప్రార్థించితిని. పాటలు పాడితిమి. ఆమె లేచి గుడికి నడచి వచ్చునని చెప్పితిని.

ఒక సాయంకాలము కోడండ్రు నీళ్లకు పోయియుండగా ఆమె నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, నేను ఉండనేమో అనిపిస్తోంది. ఒక మాట చెప్పాలని..." అనెను. ఆ మాట పూర్తికాకముందే నేను, "అట్లా అనబాకమ్మా. విశ్వాసముంచు. దేవుడు నిన్ను లేపుతాడు" అంటిని. ఆమె కొంచెము సేపు నావైపు చూచి, "సరే అయ్యగారూ" అని గోడవైపు తిరిగెను. ఆ తరువాత ఆమె నాతో ఆ ఊసు ఎత్తలేదు. పదునొకండవ దినమున మరణించెను.

భూస్థాపన దినమున వేరే ఊరినుండి ఆమె చెల్లెలు వచ్చెను. ఒక పెండ్లిలో జరిగిన తగవుచేత తొమ్మిదేండ్లు ఇద్దరికి మాటలు లేవు. "అక్క ఒక్క కబురు పెడితే పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని గదమ్మా!" అని ఆ చెల్లెలు గుండెలు బాదుకొనెను. ఆ తల్లి నాతో చెప్పగోరిన మాట ఇదియేనో కాదో నాకు తెలియదు. తెలిసికొను తలుపును నేనే మూసివేసితిని. ఆ దినమున కొరవడినది ఆమె విశ్వాసము కాదు, నా ధైర్యము. ఆమె మరణమును గూర్చి వినుటకు నాకు భయము వేసెను. ఆ భయమునకు విశ్వాసమను పేరు పెట్టుకొంటిని.

అట్లయిన స్వస్థత కొరకు ప్రార్థింపకూడదా? ప్రార్థింపవలెను. దేవుని చెయ్యి కురుచ కాలేదు. కాని గెత్సేమనేలో మన ప్రభువు ప్రార్థించిన విధము చూడుడి. ఆ గిన్నె తొలగిపోవలెనని అడిగెను. తండ్రి చిత్తమే జరుగవలెననియు అడిగెను. ఒకే ప్రార్థనలో రెండును ఉన్నవి. మొదటిది మాత్రమే చెప్పి రెండవది మ్రింగివేసినప్పుడు మన ప్రార్థన రోగికి ఊరటగాక బరువగును. లేవకపోయినయెడల తనకే విశ్వాసము చాలలేదని ఆ మనిషి కుమిలిపోవును. పౌలు తన ముల్లు నిమిత్తము ముమ్మారు వేడుకొనెను, అది తీయబడలేదు. పౌలుకు విశ్వాసము తక్కువని మనలో ఎవరైన అనగలరా?

నిజము చెప్పినయెడల రోగి ధైర్యము చెడి త్వరగా పోవునని మనవారు భయపడుదురు. రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయము చదువుడి. హిజ్కియా మరణకరమైన రోగముతో నుండగా, నీవు బ్రతుకవు గనుక ఇల్లు చక్కబెట్టుకొనుమని యెషయా అతనితో చెప్పెను. ఆ మాట విన్న తరువాతనే హిజ్కియా కన్నీటితో ప్రార్థించెను, ఆ తరువాతనే దేవుడు పదునైదు సంవత్సరములు కూర్చెను. సత్యము చెప్పుట దేవుని చేతిని కట్టివేయలేదు. మనము దాచినయెడలనే దేవుడు పని చేయునన్నట్లు ఎందుకు నడచుకొందుము?

అయితే నిజమును రాయి విసరినట్లు విసరరాదు. ఎంత తెలియగోరునో అంతే చెప్పవలెను. రోగి ప్రక్కన కూర్చుండి, "అమ్మా, నీకేమనిపిస్తోంది?" అని అడిగి, ఊరకుండి వినవలెను. అనేకులకు ముందే తెలిసియుండును. తన పిల్లలు ఏడ్తురని ఆమె దాచును, ఆమె ఏడ్చునని పిల్లలు దాతురు. ఒకే కప్పు క్రింద అందరు ఒంటరివారై యుందురు.

ఇక నొప్పి సంగతి. క్యాన్సరు ముదిరినప్పుడు, ముఖ్యముగా ఎముకలకు పాకినప్పుడు, కలుగు నొప్పి ఎట్టిదో చూచినవారికి తెలియును. అట్టి మనిషిని బొల్లాపల్లినుండి వినుకొండకు బస్సులోను, అక్కడినుండి గుంటూరుకు రైలులోను తీసికొనిపోయినవారికి ఇంకను బాగుగా తెలియును. దీనికి మందున్నది. నల్లమందునుండి తీయబడు మార్ఫిను అను మందు అది. బిళ్లగా నోటితో మ్రింగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సరు నొప్పిని మెట్లుమెట్లుగా తగ్గించు విధానమును ప్రకటించి, తీవ్రమైన నొప్పికి ఈ మందు నియ్యవలెనని చెప్పెను.

ఇక్కడ మన విశ్వాసులు రెండు ప్రశ్నలు అడుగుదురు. మొదటిది: సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసమును ప్రభువు పుచ్చుకొనలేదు గదా, మనమెట్లు పుచ్చుకొందుము? మార్కు 15:23లో ఆ సంగతి ఉన్నది. కాని ఆయన త్రాగినది మనకొరకైన గిన్నె, దానిని మరల మనము త్రాగనక్కరలేదు. తనకు మందు వద్దనిన ప్రభువు, తనయొద్దకు వచ్చిన ఏ రోగితోనైన నొప్పి ఓర్చుకొమ్మని చెప్పి పంపివేసెనా? ఆయన చెప్పిన ఉపమానములోని సమరయుడు గాయములమీద నూనెయు ద్రాక్షారసమును పోసెను. సామెతలు 31వ అధ్యాయము నశించుచున్నవానికి మద్యము నియ్యమని చెప్పునప్పుడు, త్రాగుబోతుతనమును నేర్పుటలేదు; చావు బాధలోనున్నవానియెడల కనికరమును నేర్పుచున్నది. పౌలు ముల్లు తీయబడలేదని చూచితిమి. అయినను అతని కడవరి పత్రికలో, లూకా మాత్రమే నా యొద్దనున్నాడని వ్రాసెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో ఆ లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచెను. కృప చాలుననిన దేవుడే వైద్యుని ప్రక్కన నిలిపెను.

రెండవ ప్రశ్న: అది మత్తుమందు గదా, అలవాటు పడరా? వైద్యుడు నొప్పికి తగినంత కొలిచి ఇచ్చినప్పుడు రోగి మత్తుకు బానిస యగుట అరుదని అనుభవముగల వైద్యులు చెప్పుదురు. ఈ భయముచేతనే మన దేశము చాలకాలము నష్టపడెను. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో గసగసాల పంట వేసి నల్లమందు తీసి, విదేశముల మందులకు పంపుచుండగా, 1985 నాటి మత్తుపదార్థముల చట్టపు కట్టుబాట్లకు భయపడి మన ఆసుపత్రులలో అనేకము మార్ఫినును ఉంచుటయే మానివేసెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి దారి కొంత సులభము చేసెను.

ఈ పరిచర్యకు త్రోవ చూపినవారిలో సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ సహోదరి ముఖ్యురాలు. ఆమె ఇంగ్లండులో మొదట నర్సుగా పనిచేసెను. 1948లో లండను ఆసుపత్రిలో క్యాన్సరుతో చనిపోవుచున్న డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుని ఆమె పరామర్శించుచుండెను. అతనికి నా అనువారు లేరు. ఆమె ముందుముందు కట్టబోవు గృహములో తానొక కిటికీ నగుదునని చెప్పి, తనకున్న ఐదువందల పౌనులు ఆమెకు వ్రాసియిచ్చెను. చనిపోబోవు మనుష్యుని నొప్పిని వైద్యులు లెక్కచేయుటలేదని చూచి, ఆమె మరల చదివి 1957లో డాక్టరయ్యెను. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పీసును తెరచెను. ఆ కిటికీ నేటికిని అక్కడ ఉన్నది. 2005లో ఆమెయు ఆ గృహములోనే క్యాన్సరుతో మరణించెను. నొప్పి వచ్చి అరచిన తరువాత కాక, రాకముందే గడియారము చూచి మందు నియ్యవలెనని ఆమె నేర్పెను. నొప్పి దేహమునకు మాత్రమే కాదనియు, మనస్సునకును, కుటుంబమునకును, ఆత్మకును నొప్పి యున్నదనియు, ఒకదానిని విడిచి ఒకదానిని మాన్పలేమనియు ఆమె బోధించెను.

తెలుగు దేశములోను ఈ పని లేకపోలేదు. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో 2006లో డాక్టరు గాయత్రి పాలట్ మొదలగువారు నొప్పి నివారణ విభాగమును ఆరంభించిరి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టువారు కట్టించిన క్యాన్సరు విభాగము ఉన్నది. నొప్పి తగ్గించు మందు కొరకు అడుగుట మన హక్కని విశ్వాసులు తెలిసికొనవలెను. వైద్యము విశ్వాసమునకు శత్రువు కాదని మన ప్రాంతపు తాతలకు ముందే తెలియును. అన్నా కుగ్లర్ అను మిషనెరీ వైద్యురాలు 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో గుంటూరులోనే కన్ను మూసెను. ప్రార్థించిన చేతులే అక్కడ గాయములు కట్టెను.

మొదటి తల్లి విషయములో తప్పిపోయిన నాకు దేవుడు మరియొక అవకాశ మిచ్చెను. చుట్టకు అలవాటు పడిన ఒక పెద్దాయనకు దవడలో క్యాన్సరు వచ్చెను. చెంప చిల్లి పడెను. వాసనకు మనుమలు దగ్గరకు రాకుండిరి. ఆయన రాత్రులు మూలుగుచుంటే వీధియంతయు మేలుకొనియుండెను. కోడలు గుంటూరునుండి మార్ఫిను బిళ్లలు తెచ్చెను. పుండు వాసనకు కూడ అక్కడి నర్సులు ఒక బిళ్లను పొడిచేసి చల్లుట నేర్పిరి. మూడవ రాత్రి ఆయన నిద్రపోయెను. వారము తిరుగకముందే, "మంచం వేపచెట్టు కిందికి మార్చండ్రా" అనెను.

ఈ మారు నేను పోయినప్పుడు గట్టిగా ప్రార్థింపలేదు. కూర్చుండి, "తాతా, మనసులో ఏముంది?" అని అడిగితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. నేనును మాటలాడలేదు. తరువాత, "ఇది నా పాపానికి శిక్షా అయ్యగారూ?" అని అడిగెను. యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులు అట్లే అడుగగా ప్రభువు కాదనెనని చెప్పితిని. పిమ్మట ఆయన, "గట్టు తగాదాలో అన్న కొడుకుదే న్యాయం. వాణ్ణి పిలిపించండి" అనెను. ఆ అబ్బాయి వచ్చెను. మంచము పట్టె మీద కూర్చుండి ఇద్దరు ఏడ్చిరి. ఆదివారమున ప్రభు సంస్కారమిచ్చితిని. రొట్టె మ్రింగలేడు గనుక ద్రాక్షారసములో తడిపి నాలుకకు తాకించితిని. ఆరు వారములు ఆయన బ్రతికెను. చిన్న మనుమడు ఆ మంచము కోళ్ల యొద్ద గోళీలాడుకొనుచుండగా ఆయన వెళ్లిపోయెను.

ఆయన బాగుపడలేదు. ఆ బిళ్లలు ఆయనను బ్రతికింపలేదు. అయినను ఆ ఆరు వారములు దండుగా? ఒక తగవు తీరెను, ఒక పసివాడు తాతను భయము లేకుండ చూచెను, ఒక ఆత్మ సమాధానముతో ప్రభువునొద్దకు పోయెను.

ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. పెట్టు ఖర్చంతయు అత్తరు కాదు. బాగుపడవను సంగతిని ఒప్పుకొనలేక, ఉన్న ఎకరమును అమ్మి, పట్నమునుండి పట్నమునకు, పసరు మందులవారినుండి స్వస్థత సభలకు రోగిని త్రిప్పుట కొన్నిసార్లు ప్రేమకంటె భయమే. మొదట్లోనే పోయి నయము చేయించుకొనదగిన క్యాన్సరులు అనేకమున్నవి. వాటికి ఆలస్యము చేయరాదు. కాని నయము కాదని నిశ్చయముగా తెలిసిన పిమ్మట, మరణమును కాదనుటకు పెట్టునది వేరు, మనిషికి తోడుండుటకు పెట్టునది వేరు. అత్తరు పోసిన స్త్రీ మరణమును ఎరిగి పోసెను.

సంఘముగా మనమేమి చేయగలము? గుంపుగా పోయి గంటసేపు పాడుటకంటె, ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని పోవుట మేలు. పోయినవారు మంచముకంటె ఎత్తున నిలువక ప్రక్కన కూర్చుండుడి. ఫలానావాడు ఇదే రోగముతో పోయెనని చెప్పకుడి. ప్రార్థన చిన్నదిగా చేయుడి. స్త్రీల సమాజమువారు ఒక్క రాత్రి రోగియొద్ద మేలుకొనియుండి, నెలలతరబడి నిద్రలేని కోడలిని పండుకొననియ్యుడి. నోరు తడుపుట, ప్రక్క మార్చుట, దుప్పటి ఉదుకుట ఇవన్నియు ఆరాధనయే. ఎవరిని చూడవలెనని ఉన్నదో రోగిని అడిగి, వారికి కబురు పంపుడి. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిరి.

మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచు తన తల్లిని ప్రియశిష్యునకు అప్పగించెను. చనిపోవుచున్నవానికి చేయవలసిన పని యున్నది, చెప్పవలసిన మాట యున్నది. సిలువయొద్ద నిలిచియున్నవారు కొందరు ఉండుటచేత ఆ మాట వినబడెను. మన మంచములయొద్దను అట్లు నిలుచువారు ఉండవలెను.

మీ వీధిలో అట్టి మంచము ఒకటి ఇప్పుడున్నదేమో. ఆదివారము వరకు ఆగకుడి.

ప్రార్థన: తండ్రీ, మా ఇండ్లలో బాధపడుచున్నవారికి నొప్పినుండి విశ్రాంతియు, తోడును, సమాధానమును దయచేయుము. వారి మాట విను ధైర్యమును మాకిమ్ము. నీ కుమారుడు అంగీకరించిన అత్తరువలె మా చిన్న పరిచర్యను అంగీకరించుము. ఆయన నామమున అడుగుచున్నాము. ఆమేన్.